కాలవలో పడని డ్రైవరు

డ్రైవరు పనికోసం ఎవరొచ్చినా యాళ్ళ జగ్గయ్యగారు అడిగే ప్రశ్న ఒక్కటే.

"బస్సుని కాలవలో ఎన్నిసార్లు పడేసేవయ్యా?"

లైసెన్సు చూపించమనేవారు కాదు. సర్టిఫికెట్లు చేతిలో పెడితే వాటితో విసురుకునేవారు. "ఒక్కసారి కూడా పడెయ్యలేదండి" అని ఎవడైనా రొమ్ము విరుచుకుని చెప్పాడో, వాడి పని అయిపోయినట్టే. "అయితే మాకొద్దు బాబూ. పడ్డాక రా" అనేసి చుట్ట వెలిగించుకునేవారు.

కోనసీమ రోడ్ల సంగతి ఎరగనివారికి ఇది పిచ్చిప్రశ్నలా కనిపిస్తుంది. ఎరిగినవారికి ఇంకా పిచ్చిగా కనిపిస్తుంది. కొత్తపేట నుంచి అమలాపురం దాకా ఆ రోజుల్లో రోడ్డు చాలా మేరకు కాలవ గట్టు పట్టుకునే పోయేది. ఒకపక్క నిండుకాలవ, ఇంకోపక్క వరిచేలు, మధ్యలో బస్సు. ఎదురుగా కొబ్బరికాయల బండి వచ్చిందంటే బస్సులో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి, ఎవరి ఇలవేల్పుని వాళ్ళు తలుచుకునేవారు. అలాంటి చోట కాలవలో పడ్డవాడే కావాలని పట్టుబట్టే ఓనరు భూప్రపంచంలో జగ్గయ్యగారొక్కరే.

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మేనేజరు కొండలరావుకి చెవులు మూసుకోవాలనిపించేది. మేనేజరంటే మరెవరో కాదు, జగ్గయ్యగారికి స్వయానా బావమరిది, ఆయన భార్య భూలక్ష్మిగారి తమ్ముడు. కాకినాడలో చదువుకుని, టైపు నేర్చుకుని, 'శ్రీ భూలక్ష్మీ మోటారు సర్వీసు'ని ఒక గాడిలో పెడదామని వచ్చాడు. స్వరాజ్యం వచ్చిన కొత్తలు. దేశమంతా గాడిలో పడుతోంది కదా, రెండు బస్సుల కంపెనీ ఎందుకు పడదని అతని ధీమా. వచ్చిన వారంలోనే ఒక ప్రకటన రాసి బావగారికి చూపించాడు.

"అనుభవజ్ఞుడు, ఎన్నడూ ఎట్టి ప్రమాదమూ చేయనివాడు అయిన డ్రైవరు కావలెను."

జగ్గయ్యగారు అది రెండుసార్లు చదివించుకుని, తల అడ్డంగా ఊపారు.

"ఒరే కొండలూ, ఇందులో ఇద్దరున్నార్రా. అనుభవం ఉన్నవాడొకడు, ప్రమాదం చెయ్యనివాడొకడు. మనకి ఇద్దరు కావాలా, ఒకడు కావాలా?"

"ఒక్కడేనండి, బావగారూ."

"అయితే రెండోవాణ్ణి కొట్టెయ్యి."

అప్పటికే రెండు బస్సులకి నలుగురు డ్రైవర్లయ్యారు. అందరూ మునిగి తేలినవాళ్ళే. "బస్సుల కంటే డ్రైవర్లు ఎక్కువైపోయేరండి" అని కొండలరావు మొత్తుకుంటే, "బస్సులు తక్కువయ్యేయి అను. వినసొంపుగా ఉంటది" అనేవారు జగ్గయ్యగారు.

జగ్గయ్యగారికి స్వానుభవం కూడా లేకపోలేదు. కంపెనీ ప్రారంభోత్సవం నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, భార్యని ముందు సీట్లో కూచోబెట్టి, స్టీరింగు తనే పట్టారు. పలివెల దాటగానే అడ్డంగా వచ్చిన గేదెని తప్పించబోయారు. గేదె తప్పుకుంది. బస్సు కాలవలోకి దిగింది. భూలక్ష్మిగారు పెళ్ళినాటి పట్టుచీరతో నడుంలోతు నీళ్ళలో నిలబడి, "ఏవండీ, ఇదేనా అమలాపురం?" అని అడిగారు. ఊరంతా కలిసి కొబ్బరితాళ్ళతో లాగితే బస్సు గట్టెక్కింది గానీ, చీర రంగు మాత్రం కాలవలోనే ఉండిపోయింది.

ఆ రోజునుంచి ఆ చోటికి 'పట్టుచీర మలుపు' అని పేరు. పేరు పెట్టి ఊరుకోలేదు. అక్కడ స్టాపు పెట్టేశారు జగ్గయ్యగారు. అక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు, పాకా లేదు. అయినా ఆయన బస్సు ఏది వెళ్ళినా అక్కడ చక్రం ఆగి తీరాలి. తరవాత చేరిన ప్రతి డ్రైవరు పేరనా ఒక్కొక్క స్టాపు వెలిసింది. కండక్టరు అంజిబాబు గొంతెత్తి, "వీరబాబు మునకండీ! దిగేవోరు దిగండి!" అని అరిచేవాడు. స్టీరింగు దగ్గర కూచుని ఉన్నది ఆ వీరబాబే. ఆగి, ఆ మునక ఎలా జరిగిందో కొత్త ప్రయాణికులకి రెండు ముక్కల్లో చెబితేగానీ బండి కదపకూడదని యజమాని ఆజ్ఞ.

"ఎవరూ దిగట్లేదు కదండీ, పోనివ్వరాదా?" అని అంబాజీపేట సంతకి వెళ్ళే పెద్దమనిషి ఒకాయన విసుక్కున్నాడోసారి.

"నేను దిగేనండి ఒకప్పుడు, బస్సుతో సహా" అన్నాడు వీరబాబు వినయంగా.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన వెంకటరాజు వచ్చినప్పుడు కొండలరావు ప్రాణం లేచొచ్చింది. నిటారుగా నిలబడే మనిషి, ఇస్త్రీ చొక్కా, బర్మా సరిహద్దు కొండల మీద మిలిటరీ లారీలు నడిపినట్టు దొరలిచ్చిన కాయితాలు.

"కొండలమీంచి ఎప్పుడైనా పడ్డావా?" అని అడిగారు జగ్గయ్యగారు.

"లేదండి. పడితే మనిషి దక్కడండి."

"అదే మరి! దక్కనివాడు నేర్చుకోలేడు. మా కాలవలో పడితే దక్కుతాడు, ఈతా వస్తుంది, బుద్ధీ వస్తుంది. నువ్వు అమలాపురం వెళ్ళు నాయనా. మచ్చలేనివాళ్ళు కావాలని అక్కడ కొట్టుకు ఛస్తున్నారు."

వెంకటరాజు వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఇస్త్రీ లేని చొక్కాతో మళ్ళీ వచ్చాడు. అమలాపురం కంపెనీల్లో ఖాళీలు లేవన్నారట. "తాటిపాక అవతల ఒకసారి పడేసేనండి. అప్పుడు చెప్పడం మర్చిపోయేనండి" అన్నాడు. జగ్గయ్యగారు అతన్ని ఎగాదిగా చూసి, "అదీ అనుభవం అంటే!" అని అక్కడికక్కడే చేర్చుకున్నారు. కొండలరావు నెత్తి కొట్టుకున్నాడు. ఉన్న ఒక్క మంచి డ్రైవరూ చెడిపోయాడని అతని బాధ.

ఇవన్నీ ఒక ఎత్తు. మత్తయి రావడం ఒక ఎత్తు.

మత్తయి అమలాపురం వీరవెంకటరమణగారి కంపెనీలో డ్రైవరు. ముక్కామల మలుపులో బస్సుని కాలవలో దించాడు. మనుషులకి దెబ్బ తగల్లేదు గానీ, తమలపాకుల బుట్టలన్నీ నీటిపాలయ్యాయి. రమణగారు బస్సు ఓనర్ల సంఘానికి ప్రెసిడెంటు. మత్తయిని ఆ పూటే తీసేశారు. కాలవలో పడేసినవాణ్ణి ఇక ఏ ఓనరూ పనిలో పెట్టుకోకూడదని సంఘం చేత తీర్మానం కూడా చేయించారు. అప్పట్నించీ మత్తయికి 'కాలవ మత్తయి' అన్న పేరు తప్ప మరేం దక్కలేదు. కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతే అక్కడ కూడా, "చూసి ఒలువు, కాలవలో పడేసేవు" అని ఎగతాళి చేశారట.

షెడ్డు ముందు నిలబడి, "ఒక్కసారి కూడా పడెయ్యలేదండయ్యగారూ" అన్నాడు మత్తయి.

కోనసీమలో చంటిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు. జగ్గయ్యగారు చుట్ట తీసి, "అయితే మాకొద్దు" అన్నారు. కొండలరావు హమ్మయ్య అనుకున్నాడు. ఆ గొడవ అంతటితో పోయేదే. గేటు దగ్గర వీరబాబు అతన్ని ఆపి, చెవిలో ఏదో ఊదాడు. మత్తయి నమ్మలేదు. వీరబాబు ఒట్టేశాడు. మత్తయి వెనక్కి వచ్చి, నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"పడేసేనండి."

"వినపళ్ళేదు."

"పడేసేనండి, ఒకసారి."

"షెడ్డంతా వినపడాలయ్యా!"

"పడేసేనండీ!" అని అరిచాడు మత్తయి. చూరులో పావురాలు లేచిపోయాయి.

"ఎక్కడ?"

"ముక్కామల మలుపులోనండి."

"అబ్బ! ఏం చోటయ్యా! నేను కూడా అక్కడ పడదామనుకుని పడలేకపోయేను" అని జగ్గయ్యగారు ముచ్చటపడిపోయి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, డ్రైవర్లందరినీ చుట్టూ కూచోబెట్టి కథ మొదటినుంచి చెప్పమన్నారు. మత్తయి మొదట ఏడుపుగొంతుతోనే చెప్పాడు. చక్రం ఎక్కడ జారిందో, బ్రేకు ఎప్పుడు తొక్కాడో, తొక్కకుండా ఉండాల్సింది ఎందుకో వీరబాబు అడుగుతూ ఉంటే గొంతు సర్దుకుంది. తమలపాకులు తేలిపోతూ ఉంటే వాటి ఆసామి మెడలోతు నీళ్ళలో నిలబడి, ఒక ఆకు పట్టుకుని సున్నం ఎవరిదగ్గరుందని అడిగిన ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మత్తయే ముందు నవ్వాడు. కాలవలో పడ్డాక ఆ మనిషి నవ్వడం అదే మొదలని తరవాత అతని భార్య సీతారత్నం చెప్పి కళ్ళు తుడుచుకుంది.

కబురు అమలాపురం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. రమణగారు స్వయంగా కొత్తపేట వచ్చారు. మల్లెపువ్వులాంటి పంచె, చేతిలో కర్ర. మర్యాదకేం లోటులేదు.

"జగ్గయ్యగారూ, తమరు సంఘం మాట కాదన్నారంటండి."

"ఆయ్, కాదన్నానండి."

"వచ్చే నెల తమరి పర్మిట్టు మళ్ళీ ఇవ్వాలి కదండి. ఆఫీసరుగారు సంఘం అభిప్రాయం అడుగుతారండి. కాలవలో పడ్డవాళ్ళనే ఏరుకుని పెట్టుకుంటున్నారని చెప్పమంటారా? ఆ మత్తయిని మానిపించెయ్యండి. మేమూ నోరు మూసుకుంటామండి."

"తమరు నోరు మూసుకోకండి. గాలాడదు" అన్నారు జగ్గయ్యగారు. "మత్తయి ఇక్కడే ఉంటాడండి."

రమణగారు వెళ్ళగానే కొండలరావు బావగారి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "పర్మిట్టు పోతే ఆ రెండు బస్సులూ కోళ్ళగూళ్ళకి తప్ప ఎందుకూ పనికిరావండి, బావగారూ! ఒక్కడికోసం అందరి కూడూ పోతుందండి!"

"అయితే కోళ్ళే పెంచుదాం. కాలవలో పడ్డ కోళ్ళని" అన్నారాయన.

కొండలరావు అక్కగారి దగ్గర మొరపెట్టుకున్నాడు. భూలక్ష్మిగారు గుమ్మడికాయ వడియాలు పెడుతూ విన్నారు. "ఒరే తమ్ముడూ, నా చీర పోయిన రోజున ఆయన్ని నేను మానిపించేనా? మానిపించలేదు కదా. ఇప్పుడు మత్తయిని మానిపించమని ఏ మొహంతో చెప్పను?" అన్నారు. ఆ ఇంట్లో బుద్ధి ఉన్నవాడు తనొక్కడేనని కొండలరావుకి ఆ రోజు గట్టిగా తేలిపోయింది.

నెల గడిచింది. కాకినాడ నుంచి పర్మిట్ల ఆఫీసరుగారు వచ్చారు. పొడిగా, ముక్కుసూటిగా మాట్లాడే మనిషి. కాయితాలు అక్కర్లేదు, బస్సులోనే అమలాపురం దాకా వస్తానన్నారు. డ్రైవర్లంతా వెంట రావాలన్నారు. రమణగారు ఆయన పక్క సీట్లో కర్ర నిలబెట్టుకుని కూచున్నారు.

"వెంకటరాజు చేతికి ఇవ్వండి, బావగారూ. మీకు పుణ్యం ఉంటుంది" అని బతిమాలాడు కొండలరావు.

"మత్తయ్! నువ్వెక్కు" అన్నారు జగ్గయ్యగారు.

బస్సు బయల్దేరింది. పట్టుచీర మలుపులో ఆగింది. వీరబాబు మునక దగ్గర ఆగింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. "చూశారాండీ, మనిషి లేనిచోటల్లా ఆపుతారు. వీటికి పర్మిట్లో పేరుందాండీ?" అని రమణగారు ఆఫీసరుగారి చెవిలో పోరుతూనే ఉన్నారు. ఆఫీసరుగారి మొహం చిట్లింది. కొండలరావు మనసులోనే కోళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు.

ముక్కామల మలుపు వచ్చింది. మత్తయి మెడ వెనక చెమట కారుతోంది. తనని వెళ్ళగొట్టిన మనిషి వీపు వెనకే కూచున్నాడు. ఇవాళ ఒక్కరోజుకి ఆపకుండా పోనివ్వమని కొండలరావు కళ్ళతో సైగ చేశాడు. మత్తయి చూశాడు. చూసి కూడా, బస్సుని గట్టు వారకి తీసి, హారను బుడగ నొక్కి, ఆపేశాడు. వెనక్కి తిరిగి, గట్టిగానే చెప్పాడు.

"ఇక్కడ నేను బస్సుని కాలవలో పడేసేనండి. ఆ బస్సు ఇదిగో, ఈ రమణగారిదేనండి. ఈ మలుపులో ఎదర ఏవొస్తుందో కనపడదండి. ఆ రోజు నేను ఆగలేదండి..."

మాట పూర్తి కాలేదు. మలుపు అవతలి నుంచి దుమ్ము లేపుకుంటూ ఇంకో బస్సు పెద్ద వేగంతో దూసుకొచ్చింది. ఆగి ఉన్న బస్సు పక్కనుంచి, రమణగారి కిటికీ రేకు గీక్కుంటూ, అవతలి చక్రాలు చేలోకి ఒరిగి, మళ్ళీ రోడ్డెక్కి, కొత్తపేట వైపు పారిపోయింది. రెండూ కదులుతూ ఎదురుపడి ఉంటే ఆ పూట ఆఫీసరుగారు కాలవలోనే ఉండేవారు. ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని అడిగారు.

"ఆ బస్సెవరిది?"

కండక్టరు అంజిబాబు చెప్పబోయి నాలిక కరుచుకున్నాడు. రమణగారే కర్ర వంక చూస్తూ, "మాదేనండి" అన్నారు.

"ఆ డ్రైవరు ఎప్పుడైనా కాలవలో పడ్డాడా?"

"అబ్బెబ్బే! ఎప్పుడూ లేదండి! అతని మీద ఒక్క మచ్చ..."

"ఇవాళ పడేవాడు. మనం ఆగబట్టి బతికిపోయాడు" అన్నారు ఆఫీసరుగారు. "పడ్డవాళ్ళందరినీ మీరు తీసేశారు. ఎక్కడెక్కడ పడతామో తెలిసినవాళ్ళందరినీ ఈయన పోగుచేసుకున్నారు. మీ బస్సులు పెట్టి మీరే వీళ్ళకి నేర్పించి పంపారన్నమాట."

జగ్గయ్యగారు చేతులు జోడించి, "ఆయ్, రమణగారి రుణం ఈ జన్మలో తీర్చుకోలేనండి" అన్నారు.

అమలాపురంలో దిగాక పర్మిట్టు మీద సంతకం అయింది. స్టాపుల పేర్లు కూడా రాయించుకుని, ఆఫీసరుగారు తలెత్తారు.

"ఈ వెంకటరాజు అన్నతనికి స్టాపు లేదేం?"

"తాటిపాక అవతల పడ్డాడండి. అది మన రూటు కాదండి" అన్నాడు కొండలరావు.

"తాటిపాక అవతల ఎక్కడయ్యా?" అని ఆఫీసరుగారు వెంకటరాజునే అడిగారు.

మిలిటరీ మనిషి నిటారుగా నిలబడ్డాడు. "ఎక్కడా కాదండి. నేను పడలేదండి. పని కోసం అబద్ధమాడేనండి" అనేశాడు. తక్కిన డ్రైవర్లంతా కుటుంబంలో దొంగ దొరికినట్టు చూశారు. ఆఫీసరుగారికి నవ్వు ఆగలేదు. కాయితాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

"తీసేస్తారాండి?" అన్నాడు వెంకటరాజు.

"ఇన్నాళ్ళూ పడకుండా నా కొలువులో ఉన్నావా, ద్రోహీ!" అని ఉరిమారు జగ్గయ్యగారు. "రేపట్నించి మత్తయి పక్కన కూచో. నీకు సొంత అనుభవం వచ్చేదాకా అతని దగ్గర అరువు తెచ్చుకో. ఫో, వెళ్ళి భోంచెయ్యి."

కాఫీ హోటల్లో బావా బావమరుదులిద్దరే మిగిలారు. కొండలరావు ఉండబట్టలేకపోయాడు.

"వెంకటరాజు చెప్పింది అబద్ధమని మీకు అప్పుడే తెలుసు కదండి?"

జగ్గయ్యగారు గ్లాసులో కాఫీ చల్లార్చుకున్నారు.

"చేసిన తప్పు పని కోసం దాచుకునేవాళ్ళు బోలెడుమంది ఉంటార్రా. చెయ్యని తప్పు నెత్తినేసుకున్నవాణ్ణి ఎక్కడన్నా చూసేవా? ఇంట్లో పొయ్యి వెలక్కపోతేగానీ ఆ మాట నోట్లోంచి రాదు."

"మరి మత్తయి సంగతండి?"

"మచ్చలేనివాడికి ఇవాళ కాకపోతే రేపు అమలాపురమంతా పనిస్తుంది. మత్తయికి ఎవడిస్తాడు? పోనీ, పాపం అని నేనిస్తే తలొంచుకుని నడుపుతాడు. తలొంచుకున్నవాడికి రోడ్డేం కనపడుద్ది? అందుకని అనుభవం అన్నాను." ఆ మాట అనేసి ఆయన ఉలిక్కిపడి, అటూ ఇటూ చూశారు. "అనుభవం కూడా అబద్ధం కాదనుకో. కానీ ఈ మాట బయటికి పొక్కిందో, ఒరే కొండలూ, నిన్ను పట్టుకెళ్ళి కాలవలో తోస్తాను. అందరూ జాలిగుండె జగ్గయ్య అంటే నా పరువేం కావాలి?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకి చెవులు మూసుకున్నందుకు కొండలరావుకి సిగ్గేసింది. బావగారి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. పైకి మాత్రం, "ఆయ్, ఎవరికీ చెప్పనండి" అన్నాడు.

మర్నాడు కొత్తపేట బజార్లో అప్పారావుగారి కొట్టు దగ్గర నలుగురూ చేరి, కొండలరావుని చూడగానే పట్టుకున్నారు.

"ఏమండీ మేనేజరుగారూ, ఆఫీసరు ముందు కూడా ఆ కాలవ గోలేనంటగా! మీ బావగారికి ఈ తిక్కేంటండీ?"

ఇదివరకైతే కొండలరావు తలొంచుకుని సందులోకి తప్పుకునేవాడు. ఇవాళ నడిబజార్లో నిలబడి, ఉత్తరీయం సవరించుకుని, పక్కకొట్లవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాడు.

"తిక్కేనండి! మామూలు తిక్క కాదండి, పుట్టుతిక్క! మందు లేదు, మాకు లేదు. మా కంపెనీలో ఎవరం ఏం చెయ్యలేమండి!"